పన్నెండు చెరిపి ‘క్యూ’ అని రాసిన చెయ్యి

కంటాసుపత్రి, సర్వర్ గది
మార్చి 3

చెల్లాయికి,

ఒక ప్రశ్న అడుగుతాను, తప్పించుకోకుండా జవాబు చెప్పు. నువ్వు నమ్ముకున్న ఇంటి తలుపు మూసి ఉంటే, ఎన్ని నిమిషాలు నిలబడి వెనక్కి తిరిగిపోతావు?

ఫోనులో అడగొచ్చుగా అంటావు. ఫోనులో నేను రెండో వాక్యం ఎత్తుకునేసరికి “ఉంటా అన్నయ్యా” అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు. విసిరేసినా మళ్ళీ తీసి చదువుతావు, నీ సంగతి నాకు తెలుసు.

విషయం ఇది. మా దగ్గర ఆపరేషన్‌కి వచ్చే ప్రతి మనిషి కంటి కొలతలూ ఒక సర్వరులోకి ఎక్కుతాయి. ఆ కొలతని బట్టే కంట్లో పెట్టే లెన్సు ఎంచుతారు. సర్వరు తన దగ్గర ఏమీ ఉంచుకోదు, పక్కగదిలోని డిస్కుల బీరువాలో దాస్తుంది. మధ్యలో రెండు కేబుళ్ళు, అంటే రెండు దారులు. ఒకటి తెగితే రెండోదాని మీద నడుస్తుంది. రెండూ పోతే ఏం చెయ్యాలన్నదానికి ఒక సెట్టింగు ఉంది. మీ కంపెనీవాళ్ళు వచ్చి దానికి పన్నెండు అని పెట్టి వెళ్ళారు. ఐదు సెకన్లకోసారి దారి తెరుచుకుందా అని తొంగి చూస్తుంది. అలా పన్నెండుసార్లు చూసి, ఒక్క నిమిషానికి, ఇక నా వల్ల కాదని చేతులెత్తేస్తుంది.

పోయిన నెల ఊడ్చే ఆవిడ బీరువా జరిపితే రెండు కేబుళ్ళూ ఊడాయి. నేను పరిగెత్తి వెళ్ళి గుచ్చేసరికి నిమిషం పది సెకన్లు. పది సెకన్లమ్మా! అప్పటికే మన సర్వరు చేతులెత్తేసింది, పని రెండో సర్వరు మీదికి మారింది. మారడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ తెరలన్నీ ఖాళీ. ఓపీలో జనం, డాక్టర్లు, అందరూ నా మీదే. పది సెకన్ల ఓర్పు లేనందుకు ఆరు నిమిషాల అవమానం!

కడదాకా నిలబడినవాడికే కిరీటం అని మా ఆసుపత్రి ప్రార్థన గదిలో ఇరవై ఏళ్ళుగా చెబుతున్నవాణ్ణి. నా చేతికింద ఉన్న యంత్రం నిమిషానికే చతికిలబడితే నా నోటికి విలువేముంది? పన్నెండు చెరిపేశాను. ఆ చోట ‘క్యూ’ అని రాశాను. ఇక దారి తెరుచుకునేదాకా అది నిలబడే ఉంటుంది, ఎంతసేపైనా. బాగుందా?

మీ వదిన నిన్ను అడిగానని రాయమంది. మేనకోడలికి నా ముద్దులు.

నీ అన్నయ్య


సపోర్టు ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి 11

అన్నయ్యా,

ప్రసంగం చదివాను. ఆమెన్. ఇక పని మాట.

బాగాలేదు.

నువ్వు ఓటమి అనుకున్నది ఓటమి కాదు. మొదటి సర్వరు నిమిషంలో చేతులెత్తేసింది కాబట్టే రెండోది అందుకుంది. ఆరు నిమిషాల్లో ఆసుపత్రి మళ్ళీ నడిచింది, ఒక్క కొలతా పోలేదు. అది అలా జరగాలనే మేం పన్నెండు పెట్టాం. నిన్ను తిట్టినవాళ్ళకి ఈ మాట చెప్పాల్సింది. నువ్వేమో యంత్రాన్ని మందలించి వచ్చావు.

‘క్యూ’ అని రాస్తే ఏమవుతుందో చెప్తాను. రెండు దారులూ పోయాయనుకో. నర్సు కొలత ఎక్కిస్తుంది. సర్వరు కాసేపు దాన్ని తన జ్ఞాపకంలోనే పెట్టుకుని “సరే, సరే” అంటుంది. బీరువాకి చేరలేదని చెప్పదు. ఆ తర్వాత ఉన్నచోటే బిగుసుకుపోతుంది. తప్పు జరిగిందని కూడా చెప్పదు, ఎందుకంటే దాని లెక్కలో తప్పేం జరగలేదు, ఎదురుచూస్తోంది అంతే. రెండో సర్వరు మధ్యమధ్యలో “బతికే ఉన్నావా?” అని అడుగుతుంది. ఇది “ఉన్నాను” అంటుంది. అబద్ధమూ కాదు. కాబట్టి అది కదలదు. నువ్వు ఏ ప్రోగ్రాముని ఆపబోయినా ఆగదు. అన్నం పెట్టదు, పొయ్యి దగ్గర్నుంచి లేవదు. అదీ దాని ఓర్పు.

కాయని అంజూరపు చెట్టు కథ నాకు చిన్నప్పుడు పదిసార్లు చెప్పావు. తోటమాలి యజమానిని ఎంత గడువడిగాడు? ఒక్క ఏడాది. చుట్టూ తవ్వుతాను, ఎరువేస్తాను, అప్పటికీ కాయకపోతే కొట్టెయ్యమన్నాడు. ఆయనకి ఓర్పు లేదంటావా? ఆయనే ఒక లెక్క పెట్టుకున్నాడు.

నిమిషం చాలదనిపిస్తే ఇరవైనాలుగు పెట్టు. ముప్ఫైఆరు పెట్టు, మూడు నిమిషాలు వస్తుంది. కానీ ఏదో ఒక అంకె పెట్టు.

నీ చెల్లి


ప్రార్థన గది మెట్ల మీద నుంచి
మార్చి 24

చెల్లాయికి,

నా కథతో నన్నే కొట్టావు. మీ వదిన నీ ఉత్తరం చదివి వంటింట్లో గంటసేపు నవ్వింది.

అయినా ఒక్క చెట్టు కథే ఉందా? న్యాయాధికారి గుమ్మం వదలని విధవరాలి మాటేమిటి? ఆమె అంకె పెట్టుకుని వెళ్ళిందా? విసిగించి విసిగించి న్యాయం తెచ్చుకుంది. పన్నెండోసారికి ఇంటికి పోయి ఉంటే ఆమె కథ మనదాకా వచ్చేదే కాదు.

చదువుకున్నదానివి, నీకు పుస్తకం తెలుసు. నేను లిఫ్టు నడిపే రోజుల్లో స్టూలు మీద కూర్చుని బైబిలు వాక్యం నేర్చుకున్నాను, అదే స్టూలు మీద పారేసిన మాన్యువల్ చదివి సర్వరు నేర్చుకున్నాను. రెంటిలోనూ నాకు గురువు లేడు. రెండూ నన్ను ఇంతవరకు మోసం చెయ్యలేదు. ‘క్యూ’ అలాగే ఉంటుంది.

నువ్వేం భయపడకు. పగటి షిఫ్టులో ఒక అమ్మాయి చేరింది. టీ తాగినా టైము రాసుకుంటుంది, అందుకని అందరూ ‘గడియారం’ అంటున్నారు. నేను లేనప్పుడు కళ్ళార్పకుండా చూస్తుంది.

నీ అన్నయ్య


సపోర్టు ఆఫీసు
ఏప్రిల్ 2

అన్నయ్యా,

నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. సరే.

ఒక్క పని మాత్రం చెయ్యి. ఆ ఎదురుచూపుని చేత్తో ఆపడానికి ఒక కమాండు ఉంది. వెనక కాగితం మీద రాశాను, ఒకే వరుస. అది పెద్ద అక్షరాలతో రాసి గడియారానికి కనబడేలా గోడకి అంటించు. నువ్వు లేనప్పుడు బిగుసుకుంటే ఆ అమ్మాయి ఏం చెయ్యాలి? అది నీ ఒక్కడి తలలో ఉంటే చాలదు.

అంటించానని రాయి.

నీ చెల్లి


కంటాసుపత్రి, సర్వర్ గది
జూన్ 22

చెల్లాయికి,

రాయడం ఆలస్యమైంది. పనులు.

పదిహేడో తారీఖున ఇక్కడ ఒక గొడవ జరిగింది. మధ్యాహ్నం ఏసీ మెకానిక్కు గోడకి డ్రిల్లు వేశాడు. మన రెండు కేబుళ్ళూ గోడలో ఒకే కన్నంలోంచి, ఒకే పట్టీతో కట్టి వెళ్తున్నాయి. రెండూ ఒక్కసారే తెగాయి. రెండు దారులని పేరే గానీ రెండూ దూరేది ఒక్క ద్వారమే అని ఎవరూ చూసుకోలేదు.

సర్వరు ఆగింది. గడియారం కంగారుపడి పవరు బటన్ నొక్కేసింది. ఆపరేటర్లు ఆ బటన్ ముట్టకూడదని గోడమీద నిబంధనే ఉంది. సర్వరు జ్ఞాపకంలో ఉన్న నలభై ఒక్కమంది కొలతలు పోయాయి. అందరినీ మళ్ళీ పిలవాల్సి వచ్చింది. తెల్లవారి ఆపరేషన్ అనుకుని వచ్చిన ఒక వడ్రంగి పెద్దాయన, కళ్ళు కనబడక కొడుకు భుజం పట్టుకుని నడిచేవాడు, వెనక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆ అమ్మాయి మీద విచారణ వేశారు. తీసేస్తారనే అంటున్నారు. కారణం కాగితంలో రాసి మరీ తీసేస్తే ఇంకే ఆసుపత్రీ తీసుకోదు. ఇంట్లో చదువుకునే తమ్ముళ్ళు ఇద్దరున్నారట. పాపం. తొందరపడే చెయ్యి ఎప్పుడూ ఇంతే. ప్రార్థన చేస్తున్నాను.

నీ అన్నయ్య


మా వంటింటి బల్ల
జూన్ 29

అన్నయ్యా,

ఆఫీసులో కాదు, ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో ఉన్నదానికన్నా లేనిది ఎక్కువ.

డ్రిల్లు ఎన్ని గంటలకి పడింది? ఆమె బటన్ ఎన్ని గంటలకి నొక్కింది? మధ్యలో ఎంతసేపు? నొక్కిన తర్వాత రెండో సర్వరు లేచిందా లేదా? దాని కేబుళ్ళు వేరే గదిలోంచి కదా, దానికి దారి ఉంది కదా?

ఆ సమయంలో నువ్వెక్కడున్నావు?

కాగితం గోడకి అంటించావా?

ఆ వరుసలో ఇంకా ‘క్యూ’ అనే ఉందా?

ప్రార్థన ఎవరికోసం చేస్తున్నావో కూడా రాయి.

నీ చెల్లి


ప్రార్థన గది
జూలై 6

చెల్లాయికి,

పోలీసులా అడిగావు. అడిగిన వరసలోనే చెప్తాను.

డ్రిల్లు పన్నెండూ యాభైకి. బటన్ మూడూ పదికి. మధ్యలో రెండు గంటల ఇరవై నిమిషాలు. ఒంటిగంటా ఐదు దాకా నర్సులు కొలతలు ఎక్కిస్తూనే ఉన్నారు, అది “సరే” అంటూనే ఉంది. తర్వాత తెరలన్నీ బిగుసుకున్నాయి. బటన్ నొక్కిన నాలుగు నిమిషాలకి రెండో సర్వరు అందుకుంది.

నేను ఆ పూట సెలవు పెట్టి ప్రార్థన కూటానికి వెళ్ళాను. వాక్యం చెప్పేటప్పుడు ఫోను ఆపేస్తాను. బయటికి వచ్చి చూస్తే పద్నాలుగు మిస్డ్ కాల్సు, అన్నీ ఆ అమ్మాయివే. ఆ రోజు నేను చెప్పిన అంశం దేని గురించో అడగకు.

కాగితం నా పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్నాను. గోడకి అంటించలేదు. అంటిస్తే నా సెట్టింగు మీద నాకే నమ్మకం లేనట్టు ఉంటుందనిపించింది.

ఇక ఆ వరుస సంగతి. ఎవరూ నన్ను అడగలేదు. అసలు అలాంటి వరుస ఒకటుందని కమిటీకి తెలియదు. వాళ్ళకి తెలిసింది బటన్ ఒక్కటే. అడిగితే చెప్తాను. అడిగినప్పుడు అబద్ధం మాత్రం ఆడను, ఆ మాట నీకు ఇస్తున్నాను.

పోయిన గురువారం ఆమెని పిలిచారు. నేను తలుపవతల ఉన్నాను. సూపరింటెండెంటు ఆమె టైములు రాసుకునే పుస్తకం తిరగేస్తూ అడిగాడు: “పద్నాలుగుసార్లు ఫోన్ చేశావు. పదిహేనోసారి చేస్తే ఎత్తేవారేమో?”

“వందోసారి కూడా ఎత్తేవారేమో సార్. అప్పటికే బయట డెబ్బైమంది కంట్లో చుక్కలేయించుకుని, చూపు మసకేసి కూర్చున్నారు” అంది.

“ఎదురు సమాధానాలు చెప్పకు” అన్నాడు.

ఆమె బయటికి వచ్చి నన్ను చూసి నమస్కారం పెట్టింది.

నీ అన్నయ్య


మా వంటింటి బల్ల
జూలై 10

అన్నయ్యా,

అడిగితే చెప్తానన్నావు. ఎవరు అడుగుతారు? ఆ వరుస ఉందని తెలిసినవాడివి ఆ భవనంలో నువ్వొక్కడివే. బతికే ఉన్నావా అంటే ఉన్నాను అంటావు. మాట మాత్రం బయటికి రాదు. నీ సర్వరు కూడా రెండు గంటల ఇరవై నిమిషాలు అదే చేసింది.

ఆ అమ్మాయి ఏం తప్పు చేసిందో వరసగా చెప్పు. తెర బిగుసుకుంటే చూసింది. తెలిసినవాడికి ఫోన్ చేసింది, ఒకసారి కాదు, పద్నాలుగుసార్లు. అంతకుమించి ఆగితే నష్టమని లెక్క వేసుకుంది. తన ఉద్యోగం పోతుందని తెలిసీ బటన్ మీద చెయ్యి వేసింది. నాలుగు నిమిషాల్లో ఆసుపత్రి లేచింది. మీ ఆసుపత్రిలో ఆ రోజు సరిగ్గా పనిచేసింది ఆమె ఒక్కతే.

నలభై ఒక్క కొలతలు పోగొట్టింది బటన్ కాదు. బీరువాకి చేరకుండానే సరే సరే అనిపించింది నీ వరుస. పన్నెండే ఉంటే ఒంటిగంట లోపే రెండోది అందుకునేది, పోయినా రెండో మూడో పోయేవి. వడ్రంగి పెద్దాయనకి ఇవాళ చూపు ఉండేది.

తొందరపడే చెయ్యి అని రాశావు. ఆ మాట చదివినప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. నువ్వు మా అన్నయ్యవని మా ఆఫీసులో గొప్పగా చెప్పుకుంటాను.

వెళ్ళి చెప్పు. పిలవకముందే వెళ్ళు.

నీ చెల్లి


కంటాసుపత్రి, మెట్లకింద బెంచీ
జూలై 17

చెల్లాయికి,

వెళ్ళాను. చెప్పాను. నమ్మలేదు.

నవ్వకు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నీ ఉత్తరం అందిన రాత్రి నిద్ర లేదు. మీ వదిన ఒక్కటే మాట అంది: “ఆదివారం ఏ మొహంతో నిలబడతారు?” తెల్లారి తొమ్మిదికల్లా సూపరింటెండెంటు గదిలో ఉన్నాను. కమిటీలో ముగ్గురూ ఉన్నారు.

“ఏంటండీ అయ్యగారూ, పొద్దున్నే?” అన్నాడు.

“గడియారం తప్పేం లేదండీ. తప్పు నాది” అని మొదలుపెట్టి రెండు దారులూ, పన్నెండూ, ‘క్యూ’, అన్నీ చెప్పాను. చెప్తూ చెప్తూ గొంతు పెరిగింది, బల్ల కూడా గుద్దినట్టున్నాను. అది నా అలవాటు, నీకు తెలుసు.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “మీ మంచితనం మాకు తెలీదా అండీ? ఎవరి మీదకి ఏది వచ్చినా మీ నెత్తిన వేసుకుంటారు. పోయినేడు కాంటీన్‌లో గ్లాసుల ట్రే పడినప్పుడు కూడా నేనే పడేశానన్నారు.”

“అది నేనే పడేశానండీ!”

ముగ్గురూ నవ్వారు. అందులో ఒకామెకి కన్నీళ్ళు కూడా వచ్చాయి, నవ్వి కాదు. “ఎంత గొప్ప మనసండీ” అంది. చెల్లాయ్, ఇరవై ఏళ్ళు ఒకరికోసం ఒకరు భారం మొయ్యాలని ఇదే భవనంలో చెవులు హోరెత్తేలా చెప్పాను. ఈ రోజు నా భారం నేను మోస్తానంటే, వేరేవాళ్ళది మోస్తున్నానని చప్పట్లు కొడుతున్నారు. తుపానులో ఓడ మునుగుతుంటే “కారణం నేనే, నన్ను సముద్రంలో పారెయ్యండి” అని ఒకడు చెప్పినా ఓడవాళ్ళు జాలిపడి తెడ్లే వేశారట. ఆ కథ చదివినప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడు అర్థమైంది.

ఇక నువ్వు అడిగి, నేను జవాబు మింగేసిన సంగతి. ఆ వరుసలో ‘క్యూ’ ఇంకా ఉందా అన్నావు. లేదు. పదిహేడో తారీఖు సాయంత్రం ఐదూ నలభైకి నేనే చెరిపేసి మళ్ళీ పన్నెండు రాశాను. మళ్ళీ ప్రమాదం జరగకూడదని అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటో నీకూ తెలుసు, నాకూ తెలుసు, పైవాడికీ తెలుసు.

కమిటీవాళ్ళు ఫైలు తెరిచి చూపించమన్నారు. తెరిచాను. పన్నెండు. మార్చిన తేదీ పదిహేడు, సాయంత్రం.

“ఇప్పుడు సరిగ్గానే ఉందిగా?” అన్నాడు.

“అప్పుడు లేదండీ. సంఘటన తర్వాత నేనే మార్చాను.”

“అంటే ఆ అమ్మాయిని కాపాడ్డానికి ఆ సాయంత్రం నుంచే కథ అల్లుకుంటున్నారన్నమాట. చాలండీ. వెళ్ళి పని చూసుకోండి” అన్నాడు. పెద్దవాడు, నా భుజం తట్టాడు. అంత బరువైన చెయ్యి నా మీద ఎప్పుడూ పడలేదు.

గడియారం గుమ్మం బయటే ఉంది. “సార్, నిజంగా మీరేనా?” అంది. “నేనే తల్లీ” అన్నాను. “మీ వల్ల అని అనుకోలేదు సార్. మీరు ఫోను ఎత్తలేదనే అనుకున్నా” అంది. తిడితే బాగుండేది.

తుది నిర్ణయం ఇరవైతొమ్మిదిన, పొద్దున్న పదికి. నాకు సాక్ష్యం కావాలి. నీ దగ్గర ఉంది. ప్రతి సోమవారం మా సర్వరు తన సెట్టింగులన్నిటి నకలూ మీ కంపెనీకి తనంతట తనే పంపుతుంది. పదిహేడుకి ముందు సోమవారం వచ్చిన నకలు చూడు. అందులో నేను రాసిన మాట ఉంటుంది. దాన్ని మీ కంపెనీ ముద్రతో పంపు.

నీ అన్నయ్య


సపోర్టు ఆఫీసు, మూడో అంతస్తు
జూలై 24

అన్నయ్యా,

మంచి పని చేశావు. ఆ మాట ముందు రాస్తున్నాను.

చూశాను. ఉంది. మార్చి మొదటి వారం నుంచి జూన్ పదహారు దాకా పదహారు నకళ్ళు. అన్నిట్లోనూ ఆ వరుసలో ‘క్యూ’. పక్కన మార్చినవాడి లాగిన్ పేరు, నీదే.

పంపడమే కష్టం. కస్టమరు సెట్టింగులు కాగితం మీద బయటికి ఇవ్వాలంటే మా పై అధికారి సంతకం కావాలి. అడిగాను. ఆయన లీగల్ వాళ్ళని అడిగాడు. వాళ్ళు చూస్తామన్నారు. మళ్ళీ గుర్తు చేశాను. “క్యూలో ఉందమ్మా” అన్నారు. నేను నవ్వలేదు.

ఇంకో దారి ఉంది. కస్టమరు తరఫున మా దగ్గర పేరున్న మనిషి, అంటే మీ ఆసుపత్రికి నువ్వే, ఫారం మీద సంతకం పెట్టి మనిషిని పంపితే, వచ్చినవాళ్ళ చేతికి సపోర్టులో ఎవరైనా ఇవ్వొచ్చు. నిబంధనల పుస్తకంలో ఉంది. కానీ అది ఎవరూ వాడరు. పై అధికారి అనుమతి పెండింగులో ఉండగా నేను వాడితే ఆయన్ని దాటి వెళ్ళినట్టు అవుతుంది. ఈ నెలాఖరుకి నా ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలో వద్దో ఆయనే రాయాలి. మీ బావకి ఉద్యోగం పోయి ఇంకా వేరే పని దొరకలేదు, నీకు చెప్పలేదు. ఏప్రిల్ నుంచి ఇంట్లో నా జీతమే.

కాబట్టి కొంచెం చూద్దాం. లీగల్ వాళ్ళు వచ్చే వారం చెప్తామన్నారు. ఫారం ఖాళీది ఒకటి దీంతో పెడుతున్నాను, ఎందుకో తెలియదు.

నీ చెల్లి


నీ ఆఫీసు కింద, రిసెప్షన్‌లో నీ చేతికి
జూలై 28

చెల్లీ,

పొద్దున్నుంచి ఆరుసార్లు ఫోన్ చేశాను. మీ అంతస్తులోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరని రిసెప్షన్‌లో చెప్పారు. అందుకని ఈ ఉత్తరాన్ని పోస్టులో వెయ్యలేదు. మనిషి చేత పంపుతున్నాను.

నీ ఎదురుగా నిలబడ్డదే గడియారం. కూర్చోమను. మూడున్నర గంటలు బస్సులో వచ్చింది. మంచినీళ్ళివ్వు. ఏమీ అడగదు, అడిగే రకం కాదు. సంచిలో నువ్వు పంపిన ఫారం ఉంది. నా సంతకం ఉంది, ఆసుపత్రి ముద్ర ఉంది, తీసుకునే మనిషి అన్నచోట ఆమె పేరు ఉంది. వాళ్ళు అడగబోయేదేదీ ఖాళీగా వదల్లేదు.

బావ సంగతి మీ వదినా నేనూ కలిసి చదివాం. నాకు ముందే చెప్పాల్సింది. నీకు ఇల్లు ఉంది, పిల్ల ఉంది, భయం ఉంది. ఆ భయాన్ని నేను వెక్కిరించను. నీ స్థానంలో ఉండి నేనేం చేశానో ఇద్దరికీ తెలుసు: ఐదూ నలభైకి తలుపేసుకుని ఒక వరుస చెరిపాను. అలాంటివాడు నీకు ధైర్యం గురించి చెప్పకూడదు. అందుకని ప్రసంగం లేదు, వాక్యం కూడా ఎత్తడం లేదు. లెక్క మాత్రం చెప్తాను.

రేపు పొద్దున్న పదికి కమిటీ కూర్చుంటుంది. ఉత్తర్వు టైపు చేసి ఉంది. గుమాస్తా చూపించాడు, తేదీ ఒక్కటే నింపలేదు. పదీ పది కల్లా ఆమె బయట ఉంటుంది. లీగల్ వాళ్ళు ఈ వారం చెప్తామన్నది నిజమే కావచ్చు. శుక్రవారం చెప్పినా ఈ వారమే. ఎల్లుండి వచ్చే కాగితంతో నేను ఏ గోడకి తల కొట్టుకోను?

నా మాట ఎవరూ నమ్మరని తేలిపోయింది. ఆమె మాట ఎవరూ వినరని అంతకుముందే తేలింది. ఇక మిగిలింది ఆ పదహారు కాగితాలు. వాటిని తియ్యగలిగిన చెయ్యి ఈ లోకంలో నీది ఒక్కటే. నీ నిబంధనల పుస్తకం నిన్ను ఆపడం లేదు, దారి చూపిస్తోంది. నీ పై అధికారిని దాటి వెళ్ళక్కర్లేదు. ఆయన గుమ్మంలో నిలబడి “కస్టమరు మనిషి వచ్చింది, ఫారం తెచ్చింది, ఇస్తున్నాను” అని చెప్పి మరీ ఇవ్వు. ఆయన కోప్పడితే మా నంబరు ఇవ్వు. నేను సంతకం పెట్టినవాణ్ణి, ఆ కోపం నాకు రావాల్సిందే. రేపటి తర్వాత నాకు ఈ ఉద్యోగం ఉండకపోవచ్చు. మీ వదినకి చెప్పాను. లిఫ్టు స్టూలు ఇంకా ఖాళీగానే ఉందట, అంది.

గోడ గడియారం చూడు. ఆమె తిరుగు బస్సు నాలుగున్నరకి. దాని తర్వాత బస్సు లేదు. రేపు పొద్దున్న మొదటి బస్సు ఏడింటికి, అది పదికి చేరదు.

ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకో. ఇంటికెళ్ళి బావని అడుగుతాననుకోకు, రేపు చూద్దామనుకోకు. ఆమె చేతిలో ఫారం తీసుకుని మెట్లెక్కు. పదహారూ ముద్ర వేసి, నాలుగు కొట్టేలోగా ఆమె చేతిలో పెట్టు.

లే చెల్లీ. ఇప్పుడే.

అన్నయ్య